యూరప్ భాషల డిగ్రీకి అప్లికేషన్: తల్లిదండ్రులకు కొన్ని మాటలు

(ధర్మపురిలో జరిగిన ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఎప్పటిలాగే బ్యాంకు పరీక్షల గురించి ఒక పావుగంట చెప్పండి" అన్నారు. ఏటా అదే చెబుతున్నాను, ఏటా మీరూ ఓపికగా వింటున్నారు. ఈసారి వేరే విషయం మాట్లాడతానని ఆయన దగ్గర అనుమతి తీసుకున్నాను. మన పిల్లలు ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ లాంటి యూరప్ భాషలను యూనివర్సిటీలో డిగ్రీగా చదవాలనుకుంటే ఎలా అప్లై చేయాలి అన్నది ఆ విషయం. "ఇదెక్కడి చదువు?" అనే ప్రశ్న కొందరి ముఖాల్లో కనిపిస్తోంది. 2012లో నా ముఖంలోనూ అదే ప్రశ్న ఉండేది. అక్కడి నుండే మొదలుపెడతాను.

ఆ ఏడాది నేను మన ఎంపిక కమిటీలో ఉన్నాను. ఒక అమ్మాయి అప్లికేషన్ వచ్చింది. అప్పట్లో ప్లస్ టూ మార్కులు 1200కి లెక్క. ఆ అమ్మాయికి వెయ్యికి పైనే వచ్చాయి. తండ్రి మామిడికాయల మండీలో లెక్కలు రాసేవారు. హైదరాబాద్‌లోని ఇఫ్లూలో బి.ఏ. ఫ్రెంచ్ సీటు వచ్చిందని, హాస్టల్, మెస్ ఖర్చుకు సాయం కావాలని రాసింది. నేను రిజిస్టర్‌లో "వృత్తి విద్య కాదు. ఉపాధికి సంబంధం లేదు. తిరస్కరించవచ్చు" అని రాసి సంతకం పెట్టాను. మిగతా ముగ్గురూ దాని కింద సంతకాలు పెట్టారు. మొదటి సంతకం పడ్డాక మిగతావి వాటంతటవే పడతాయని బ్యాంకులో పనిచేసినవారికి తెలుసు. అందుకే ఈ తప్పును కమిటీ మీదకు తోయను. అది నాది.

ఆ అమ్మాయి ఇక్కడే బి.కాం. చదివింది. ఇప్పుడు బెంగళూరులో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తోంది, బాగానే ఉంది. ఆమె జీవితం పాడైపోయిందని చెప్పి మిమ్మల్ని కంటతడి పెట్టించను. అయితే కిందటేడు ఆమె తన పిన్ని కూతురిని తీసుకుని మా ఇంటికి వచ్చింది. ఆ చిన్నమ్మాయికి జర్మన్ చదవాలని ఉంది. కాఫీ తాగడం అయ్యాక పెద్దమ్మాయి అన్నది: "మామా, ఆరోజు నా అప్లికేషన్ మీద మీరేం రాశారో నాకు తెలుసు. మా నాన్న ఆఫీసులో చూసివచ్చి చెప్పారు. నాకు కోపం లేదు. కానీ రాసేముందు ఆ కోర్సులో ఏం నేర్పుతారో ఎవరినైనా అడిగారా?"

అడగలేదు. లోన్ అప్లికేషన్ తిప్పి పంపాలంటే పది కాగితాలు తిరగేసే బ్యాంకులో అన్నేళ్లు పనిచేసినవాణ్ణి, ఒక ఆడపిల్ల చదువు విషయంలో ఒక్క కాగితమూ చూడకుండా రాసేశాను. ఆ తర్వాత ఈ ఏడాదంతా ఆ కాగితాలే చూశాను. చూసినవి మీ ముందు పెడుతున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక సందేహం తీర్చాలి. "మా పిల్లకు ఫ్రెంచ్‌లో ఒక్క ముక్క రాదు, ఎలా చేరుతుంది?" అంటారు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఈ బి.ఏ. ఆనర్స్ కోర్సులు అక్షరాల నుండే మొదలవుతాయి. ముందే భాష వచ్చి ఉండాలన్న నిబంధన లేదు. మొదట వినడం, పలకడం, చదవడం, రాయడం. ఆ తర్వాత ఆ దేశాల చరిత్ర, సాహిత్యం, భాషాశాస్త్రం, అనువాదం. చివరికి పాఠాలు కూడా ఆ భాషలోనే వింటారు. అందుచేత దీన్ని "మాట్లాడడం నేర్పే కోర్సు" అనుకోకూడదు. తెలుగు మాట్లాడడం వేరు, తెలుగు ఎం.ఏ. వేరు కదా, ఇదీ అలాంటిదే.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక తేడా గమనించాలి. మీ అమ్మాయి నర్సింగ్ చదువుతూ జర్మనీలో ఉద్యోగం చేయాలనుకుంటే ఆమెకు జర్మన్ డిగ్రీ అవసరం లేదు. భాషా పరీక్షలో తగిన స్థాయి సర్టిఫికెట్ చాలు. యూరప్ భాషలకు ఏ-1 నుండి సి-2 వరకు ఆరు మెట్లు పెట్టారు. నర్సు పనికి సాధారణంగా నాలుగో మెట్టు, అంటే బి-2 దాకా అడుగుతారు. అందుకు చెన్నై, బెంగళూరులలో గ్యోతే ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఫ్రెంచ్‌కు అలియాన్స్ ఫ్రాంసేజ్ ఉంది, చెన్నైలో అది 1953 నుండి నడుస్తోంది. అవి భాషను నేర్పి పరీక్ష పెట్టే సంస్థలు, డిగ్రీ ఇవ్వవు. భాషనే చదువుగా తీసుకుని, టీచరుగానో, అనువాదకురాలిగానో, పరిశోధకురాలిగానో ఉండాలనుకునే పిల్లలే యూనివర్సిటీకి వెళ్లాలి. ఏది కావాలో ముందే తేల్చుకోకపోతే డబ్బు, ఏళ్లు రెండూ పోతాయి.

ఈ డిగ్రీకి మన పిల్లలు ఊరు దాటక తప్పదు. మన భాష వినిపించే చోటు కావాలంటే హైదరాబాద్ ఇఫ్లూ. తార్నాక పక్కన, ఉస్మానియాను ఆనుకుని ఉంది. 1958లో ఇంగ్లీషు బోధనకు కేంద్ర సంస్థగా మొదలైంది. 1972లో విదేశీ భాషలను పేరులో చేర్చుకుని సీఫెల్ అయింది. 2007లో కేంద్ర విశ్వవిద్యాలయంగా మారింది. ఢిల్లీలో జె.ఎన్.యు. ఉంది, ఢిల్లీ యూనివర్సిటీలోనూ ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ ఉన్నాయి. చెన్నైలో లయోలా కాలేజీలో బి.ఏ. ఫ్రెంచ్ చాలా ఏళ్లుగా ఉంది. తర్వాత ఎం.ఏ. ఫ్రెంచ్ చదవాలంటే పుదుచ్చేరి విశ్వవిద్యాలయం దగ్గరే.

కేంద్ర విశ్వవిద్యాలయాల్లో చేరడానికి 2022 నుండి సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చింది. ప్లస్ టూ మార్కులు అర్హతకే, సీటు తేల్చేది ఈ పరీక్ష. 2025లో దీని పద్ధతి కొంత మారింది. అంతకుముందు ఫ్రెంచ్, జర్మన్ లాంటి విదేశీ భాషల్లోనూ పేపర్లు ఉండేవి. వాటిని తీసేసి పదమూడు భాషలే ఉంచారు. అందులో మన తెలుగు, తమిళం, కన్నడం కూడా ఉన్నాయి. ఒక విద్యార్థి అయిదు పేపర్ల వరకు ఎంచుకోవచ్చు. ఒక్కో పేపరుకు యాభై ప్రశ్నలు, గంట సమయం. సరైన జవాబుకు అయిదు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. భాషా కోర్సులకు ఇంగ్లీషు పేపరు, జనరల్ టెస్టు అడగడం ఎక్కువ. అయినా ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో మీ కోర్సుకు ఎదురుగా ఏం రాశారో మీ కళ్లతో చూడండి. పక్కింటి పిల్లవాడు చెప్పింది విని పేపర్లు ఎంచుకున్నవారు మంచి మార్కులు వచ్చీ అర్హత లేకుండా మిగిలిపోతారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియడం లేదు. పరీక్ష రాసినంత మాత్రాన ఏ యూనివర్సిటీకీ అప్లై చేసినట్లు కాదు. కావలసిన ప్రతి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో మళ్లీ విడిగా నమోదు చేసుకోవాలి. దానికి వేరే గడువు ఉంటుంది. "మార్కులు వచ్చాయి, సీటు ఇంటికి వస్తుంది" అని కూర్చుంటే రాదు.

ఇక కాగితాలు. ఈ విషయంలో నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, అలవాటు అలాంటిది. మన తమిళనాడులో పేరుకు ముందు ఇనీషియల్ రాస్తాం. ఢిల్లీ వాళ్ల ఫారంలో ఇంటిపేరు అడుగుతారు. ఒక పిల్లవాడు మార్కుల పత్రంలో ఇనీషియల్‌తో, ఆధార్‌లో తండ్రి పూర్తి పేరుతో, ఫారంలో ఇంటిపేరుతో మూడు మనుషులైపోతాడు. పదో తరగతి పత్రంలో పేరు ఎలా ఉందో అన్నిచోట్లా అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. ఆధార్ సవరించాలంటే ప్లస్ టూ మొదలవగానే సవరించుకోండి. అప్లికేషన్ చివరి తేదీ నాడు నెట్ సెంటర్లో కూర్చుని చేసే పని కాదది.

రెండోది కులధ్రువీకరణ. మన రాష్ట్రంలో ఇచ్చే బి.సి., ఎం.బి.సి. సర్టిఫికెట్ కేంద్ర విశ్వవిద్యాలయంలో చెల్లదు. వాళ్లకు కేంద్ర నమూనాలో ఓ.బి.సి. నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. దాన్ని తాలూకా ఆఫీసు నుండే తెచ్చుకోవాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నదై ఉండాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు. మన తెలుగు కులాల పేర్లు రెండు జాబితాల్లోనూ ఒకేలా రాసి ఉండకపోవచ్చు. కాబట్టి జాబితా తెరిచి చూసుకున్నాకే ఆ గడిలో టిక్కు పెట్టండి. తప్పు టిక్కు పెట్టినవారికి సర్టిఫికెట్ల పరిశీలన రోజున సీటు పోతుంది.

ప్లస్ టూలో ఫ్రెంచ్ తీసుకున్న పిల్లలతో ఒక మాట. మన మెట్రిక్యులేషన్ స్కూళ్లలో చాలామంది తమిళంలో మార్కులు తగ్గుతాయన్న భయంతో ఫ్రెంచ్ తీసుకుంటారు. వందకు తొంభై ఎనిమిది వచ్చిన మా బంధువుల అబ్బాయిని "మీ ఇంట్లో ఎంతమంది ఉంటారో ఫ్రెంచ్‌లో చెప్పు" అన్నాను. చెప్పలేక నవ్వేశాడు. తప్పు వాడిది కాదు, మార్కుల కోసం చదివించాం. ఆ తొంభై ఎనిమిదిని చూసి "మా వాడికి ఫ్రెంచ్ వచ్చు" అని డిగ్రీలో చేర్చకండి. ఆ భాష మీద నిజంగా మనసుందో లేదో ఒక ఎండాకాలం సెలవుల్లో తేల్చుకోమనండి. ఏ-1 స్థాయి కోర్సు ఒకటి చేస్తే తెలిసిపోతుంది.

మనసు మాట వచ్చింది గనుక, ఈ ఏడాది నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన సంగతి చెబుతాను. ఆ చిన్నమ్మాయి జర్మన్ మొదటి పుస్తకం తెచ్చి నా ముందు కూర్చుని నాకూ నేర్పడం మొదలుపెట్టింది. నాకు వచ్చింది తక్కువే. కానీ చూసిన కొద్దీ ఆశ్చర్యం వేసింది. ఇంగ్లీషులో అందరికీ ఒకటే "యూ". జర్మన్‌లో మీరు, నువ్వు వేరు వేరు: "జీ" అంటే మీరు, "డూ" అంటే నువ్వు. ఫ్రెంచ్‌లో "వూ", "త్యూ". ఎవరిని మీరు అనాలి, ఎవరిని నువ్వు అనాలి అన్న మర్యాద మన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. జర్మన్‌లో "ఎందుకంటే" అని వాక్యం మొదలుపెడితే క్రియ చివరికి వెళ్లిపోతుంది, అచ్చం మన వాక్యంలా. ఇంగ్లీషు మీడియం పిల్లలు అక్కడే తడబడతారట, ఈ పిల్ల తడబడలేదు. ఫ్రెంచ్‌లో "లే" పక్కన "అమీ" వస్తే "లేజామీ" అని కలిపి పలుకుతారు. అది వినగానే నాకు చిన్నప్పటి సంధులు గుర్తొచ్చాయి. జర్మన్‌లో "అమ్మాయి" అనే మాట నపుంసకలింగం. అందరూ నవ్వుతారు. మనం మాత్రం "ఆమె వచ్చింది, బస్సు వచ్చింది" అని రెండింటికీ ఒకే క్రియ వాడడం లేదా!

మన పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, స్కూల్లో ఇంగ్లీషు, బెంగళూరు బస్సెక్కితే కన్నడం మాట్లాడతారు. ఇన్నాళ్లూ మనం దీన్ని లోపంగానే చెప్పుకున్నాం. తెలుగు సరిగా చదవడం రాదు, తమిళంలో యాస ఉంది అంటూ. పన్నెండేళ్ల పిల్ల ఒకే పూటలో నాలుగు భాషల మధ్య తిరుగుతోందంటే అది భాషలు చదవబోయే విద్యార్థికి ఎంత సరుకో అప్లికేషన్‌లో గానీ, ఇంటర్వ్యూలో గానీ చెప్పుకోవాలి. చాలామంది చెప్పుకోరు, "హాబీ: పాటలు వినడం" అని రాసి వదిలేస్తారు.

తెలుగువారికి యూరప్ భాషలు కొత్తవేమీ కావు. జర్మనీ నుండి మద్రాసు వచ్చిన షుల్జ్ అనే పాదిరీ తెలుగు నేర్చుకుని, తిరిగి వెళ్లాక హాలె నగరంలో 1740ల్లోనే తెలుగు అచ్చువేయించారు. యానాంలో మనవాళ్లు 1954 వరకు ఫ్రెంచ్ పాలనలో ఉన్నారు. మారిషస్ తెలుగువారు ఉగాది చేసుకుంటూ, ఫ్రెంచ్ నుండి పుట్టిన క్రియోల్ మాట్లాడుకుంటారు. జర్మనీలో వృక్షశాస్త్రం చదివిన ఉప్పల లక్ష్మణరావు గారు తర్వాత మాస్కోలో ఉండి రష్యన్ పుస్తకాలను తెలుగులోకి తెచ్చారు. నా వయసువాళ్లు చాలామంది ఆ చౌక పుస్తకాలు చదివే పెరిగారు. పి.వి. నరసింహారావు గారికి స్పానిష్ వచ్చు. వీళ్లెవరినీ "ఉపాధికి సంబంధం ఉందా" అని నేను అడిగి ఉండను. మండీ గుమాస్తా కూతురిని మాత్రం అడిగాను.

అయినా ఆ ప్రశ్న పనికిరానిదని అనను. అప్పు చేసి చదివించే తల్లిదండ్రులు ఉద్యోగం సంగతి అడగడంలో తప్పేముంది? సి.బి.ఎస్.ఇ. స్కూళ్లలో ఫ్రెంచ్, జర్మన్ టీచర్లు కావాలి. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలో యూరప్ కంపెనీల లెక్కలు, కొనుగోళ్లు, ఖాతాదారుల సేవలు చూసే ఆఫీసుల్లో భాష వచ్చినవారికి చోటుంది. బెంగళూరులో మన పెద్దలు మైకో అని పిలిచే బాష్ కంపెనీ జర్మన్ వాళ్లదే. అయితే ఒక చేదు నిజం కూడా చెప్పాలి. మామూలు ఉత్తరాలు, ప్రకటనలు అనువదించే పనిని ఇప్పుడు కంప్యూటరే చేసేస్తోంది. పేజీకి ఇంత అని అనువాదం చేసి బతకవచ్చన్న లెక్క ఇక పనిచేయదు. యంత్రం చేసిన అనువాదంలో తప్పు పట్టగలిగేంత లోతుగా భాష రావాలి, లేదా భాషతో పాటు ఇంకో పని రావాలి. కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి నాకు తోచేది ఇది: జర్మన్ డిగ్రీతో పాటు అకౌంటింగ్ తెలిసిన అమ్మాయికి తలుపులు ఎక్కువ. సగం మనసుతో చేరేవారికి ఈ కోర్సు వద్దనే చెబుతాను.

డబ్బు సంగతి. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఫీజు తక్కువ. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఒక సెమిస్టరుకు కట్టేదాంతో ఇక్కడ చాలా దూరం రావచ్చు. అసలు ఖర్చు హాస్టల్, మెస్, రైలు చార్జీలు. విద్యా రుణానికి వెళ్తే "బి.ఏ.కు లోన్ ఇవ్వం" అని కౌంటర్లో అన్నవాళ్లను నేను చూశాను. ఆ మాట నోటితో విని తిరిగి రావద్దు. అప్లికేషన్ ఇచ్చి, తీసుకున్నట్లు రసీదు అడగండి, కాదంటే కారణం రాసి ఇమ్మనండి. నాలుగు లక్షల వరకు మీ చేతి నుండి వాటా పెట్టక్కర్లేదు, తాకట్టు అవసరం లేదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకంలో, జాబితాలోని విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపైతే పది లక్షల వరకు రుణం మీద వడ్డీలో మూడు శాతం రాయితీ ఉంది. చదువు అయ్యాక ఒక ఏడాది వరకు వాయిదాలు మొదలు కావు, కానీ ఆ కాలంలో వడ్డీ లెక్క ఆగదు. నెలకు ఆ వడ్డీ మటుకు కట్టుకుంటూ పోగలిగితే చివర్లో భారం చాలా తగ్గుతుంది. ఈ మాట కౌంటర్ లోపల ఉండగా ఎంతోమందికి చెప్పాను, విన్నవారు తక్కువ.

"జర్మనీలో చదువు ఫ్రీ" అని కన్సల్టెన్సీలు పంచే కరపత్రాలు మీ చేతికీ వచ్చి ఉంటాయి. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే. కానీ మన ప్లస్ టూతో మామూలుగా నేరుగా డిగ్రీలో చేరలేరు, ముందు సన్నాహక చదువు ఒకటి పూర్తి చేయాలి. 2022 నవంబరు నుండి మన విద్యార్థుల సర్టిఫికెట్లకు ఏ.పి.ఎస్. పరిశీలన తప్పనిసరి చేశారు. వీసాకు ఒక ఏడాది బతుకు ఖర్చు కింద దాదాపు పన్నెండు వేల యూరోలు ఖాతాలో చూపమంటారు. అంటే పన్నెండు లక్షల రూపాయల చుట్టుపక్కల. కరపత్రంలో "ఫ్రీ" పెద్దక్షరాల్లో ఉంటుంది, ఇవి ఉండవు. ముందు ఇక్కడ డిగ్రీ చదివి, భాష బాగా వచ్చాక ఎం.ఏ.కు వెళ్లడం మన కుటుంబాలకు తేలిక అని నా అభిప్రాయం.

ఇక మన ఇంటి సంగతి. ట్రస్టు అప్లికేషన్ ఫారంలో ఒక గడి ఉంది: "వృత్తి విద్య / ఇతరములు". ఇతరములు అని రాసినవారి కాగితాలు కట్టలో అడుగుకు పోతాయి. ఆ గడి పెట్టినవారిలో నేనూ ఉన్నాను. దాన్ని తీసేసి, "ఈ చదువు ఎందుకు ఎంచుకున్నారు, ఎక్కడ చదువుతారు, ఎంత ఖర్చవుతుంది" అని మూడు లైన్లు పెట్టమని రాతపూర్వకంగా కోరాను. వచ్చే నెల సమావేశంలో అది చర్చకు వస్తుంది. కార్యదర్శి గారు ఇక్కడే ఉన్నారు గనుక అందరి ముందు మళ్లీ అడుగుతున్నాను. ఆయన నవ్వుతున్నారు, ఔననో కాదనో మీరే గ్రహించండి.

ఆ చిన్నమ్మాయి ఈ ఏడాది పరీక్ష రాసింది. సీట్ల కేటాయింపు ఇంకా నడుస్తోంది. హైదరాబాద్ మొదటి కోరికగా పెట్టింది. పెద్దమ్మాయి ప్రతి రౌండుకూ బెంగళూరు నుండి నాకు ఫోన్ చేస్తోంది, నాకన్నా తనకే ఆత్రం ఎక్కువగా ఉంది.

ప్లస్ టూ మొదలైన పిల్లలెవరైనా ఈ దారిన ఆలోచిస్తుంటే, ఆదివారం ఉదయం పది నుండి పన్నెండు వరకు నేను ట్రస్టు ఆఫీసులో ఉంటాను. పదో తరగతి మార్కుల పత్రం, ఆధార్, కులధ్రువీకరణ పత్రం ఒరిజినల్స్ తీసుకురండి. మూడింటిలోనూ పేరు ఒకేలా ఉందో లేదో ముందు అదే చూద్దాం.